రేకు మీద మొదటి పూత

బండికి రంగు వేయించేటప్పుడు మనం షేడు చూస్తాం, మెరుపు చూస్తాం. కంపెనీ నుంచి వచ్చిన కారు మీద పూతలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. అందులో ఇనుమును నిజంగా కాపాడేది పైన మెరిసే పూత కాదు, అందరికంటే ముందు రేకును అంటిపెట్టుకున్న అడుగు పూత. సొట్ట తీసి, గీకి, రేకును తెల్లగా బయటపెట్టామంటే ఆ కాపలా పోయినట్టే. దాని స్థానంలో ఏం వేయాలి, ఎంత సేపట్లో వేయాలి అన్న దాని మీదే ఆ బండి ఆయుష్షు ఆధారపడుతుంది. అయినా బిల్లులో ఆ మాట ఉండదు. అడిగే గిరాకీ కూడా అరుదు.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఈ పనికి కఠినమైన చోటు. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్‌లో చలికాలపు రాత్రి పది డిగ్రీల కిందికి దిగుతుంది. మధ్యలో నాలుగు నెలల ముసురు. రాజీవ్ రహదారి వెంట, 44వ జాతీయ రహదారి వెంట ఉన్న రేకుల షెడ్లలో మూసిన పెయింట్ బూత్ తక్కువ. పని ఆరుబయట గాలిలోనే జరుగుతుంది. అందుకే మొదటి పూత మీద వాదం ఇక్కడే జరగాలి.

వాదించే ఇద్దరినీ నేనే కల్పించుకున్నాను. వాదనలు మాత్రం కల్పితం కావు, షెడ్లలో రోజూ వినిపించేవే. మేస్త్రిది కరీంనగర్. లారీలు, ట్రాక్టర్లు, జీపులకు రంగులు కొట్టి చేయి తిరిగినవాడు. యువకుడిది నిర్మల్. ఐటీఐ చదివి, కంపెనీ వర్క్‌షాపులో కొంతకాలం చేసి, సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. ఇద్దరి మధ్య స్టాండు మీద ఒక బొలెరో తలుపు ఉంది, పూర్తిగా గీకినది. కాలం శ్రావణం.

మేస్త్రి: ఏం బిడ్డా, గట్ల నిలవడి చూస్తున్నవ్? తలుపు వెండి లెక్క మెరుస్తున్నది గదా. పొద్దటి సంది గీకిన. రేపు పొద్దుగాల పుట్టీ పెడత, మీద రెడ్ ఆక్సైడ్ కొడత.

యువకుడు: గదే చూస్తున్న కాకా. రేపు పొద్దుగాల దాక ఇట్లనే ఇడిచిపెడతవా? బయట ముసురు పట్టింది.

మేస్త్రి: షెడ్డుల ఉన్నది. వాన దాని మీద పడుతదా?

యువకుడు: పడే పనే లేదు. గాలిల తేమ నూటికి అరవై దాటితె ఇనుం సిలుం పట్టుడు షురూ అయితది. ఈ ముసురుల రాత్రి గాలిల అంతకంటె మస్తు తేమ ఉంటది. నా మాట నమ్మకు, ఇగో ఇక్కడ చూడు. పొద్దుగాల నువ్వు తలుపు మలిపేటప్పుడు పట్టిన జాగ ఇది. నీ బొటనవేలు గుర్తు, గీతలు సుద్ద, ఎర్రగ లేచింది.

మేస్త్రి: అవ్ గదా. ముద్ర కొట్టినట్టె ఉన్నది.

యువకుడు: చెమటల ఉప్పుంటది, ఉప్పు తేమను గుంజుతది. ఒక్క పూటల గింత లేచింది. తెల్లారేటాల్లకు ఈ తలుపంత సన్నగ పసుపు తేలుతది. కంటికి మంచిగనే కనబడుతది గని దాని మీద ప్రైమర్ కొడితె రేకును పట్టది, ఆ పసుపును పట్టుకుంటది.

మేస్త్రి: గంత దానికి గాబరెందుకు? పొద్దుగాల మల్ల ఒక చెయ్యి పేపరు కొడితె పోతది.

యువకుడు: మంచిగ కొడితె పోతది, కాదంట లేను. కని నువ్వు 80 నంబరు పేపరుతోని గీకినవ్. దాని గాట్లు లోతు. మీదిమీద ఒక చెయ్యి రాస్తె గట్టు మెరుస్తది, గాటు అడుగున సిలుం అట్లనే కూసుంటది. రేకును గీకిన పొద్దే దాన్ని కప్పాలె. కప్పే టైము లేకపోతె ఆ పొద్దు గీకొద్దు. నేను చెప్పేది గంతే.

ఈ ఒక్క మాటలో యువకుడికి నా ఓటు ముందే వేసేస్తున్నాను. మిగతా వాదంలో తప్పొప్పులు రెండు వైపులా ఉన్నాయి. దీంట్లో లేవు.

మేస్త్రి: సరే, ఇయ్యాల్నే కప్పుదాం. డబ్బ మూత తియ్యి, రెడ్ ఆక్సైడ్ కొడత.

యువకుడు: ఆగు కాకా. దీని మీద రంగు ఏంది పడేది?

మేస్త్రి: పీయూ, పాలియురెథేన్ రంగు. గిరాకి కంపెనీ మెరుపు కావాలన్నడు.

యువకుడు: మరి రెడ్ ఆక్సైడ్ దాని కింద నిలుస్తదా? అది నూనె జాతి ప్రైమర్, గాలికి మెల్లమెల్లగ ఆరేది. మీదికెళ్లి పీయూ థిన్నర్ పడంగనే అడుగు నాని ఉబ్బుతది, ముడుతలు లేస్తది. నువ్వు చూడలేదా?

మేస్త్రి: చూసిన. ఒకటి రెండు పాలి లేచింది, మల్ల గీకి కొట్టిన. కని నువ్వు రెడ్ ఆక్సైడ్‌ను గంత అలుకగ తీసెయ్యకు బిడ్డా. గ్రానైట్ లారీల బాడీలు, ట్రాక్టర్ ట్రాలీలు, బొగ్గు తోలే టిప్పర్లు అన్ని దాని మీదనే నడిచినయ్. మా ఉస్తాద్ వాడిన డబ్బల జింక్ క్రోమేట్ కలిసి ఉంటుండె. ఐఎస్ 2074 అని డబ్బ మీద రాసి ఉంటుండె. అది కొట్టిన ట్రాలీ ఎండకు ఎండి వానకు తడిసినా బుగ్గలు లేవకపోతుండె.

యువకుడు: ఆ పాత డబ్బ మంచిదే. సిలుమును ఆపింది ఎర్ర రంగు కాదు, క్రోమేట్. ఎర్రగ కనబడేది ఐరన్ ఆక్సైడ్, అది సిలుముకు సుట్టమే, ఊకె నిండుదనానికి ఉంటది. ఇగ ఆ క్రోమేట్ ఏం చేస్తదో తెలుసు గదా. దాని దుమ్ము పీలిస్తె ఊపిరితిత్తులకు క్యాన్సర్ వస్తది. ఇప్పుడు బజార్ల దొరికే అగ్గువ రెడ్ ఆక్సైడ్‌ల శానట్ల ఆ బలం లేదు. ఎనామిల్ కింద, ట్రాలీ మీద, ఇంటి గేటు మీద కొట్టుకో, నేను వద్దన. కారు రేకు మీద, పీయూ కింద మాత్రం వద్దు.

మేస్త్రి: మరి నీ మందేంది?

యువకుడు: ఎపాక్సీ. రెండు డబ్బల ప్రైమర్. కలిపినంక అది ఆరుడు కాదు, లోపటనే ముడిపడి గట్టిపడుతది. దాన్ని మల్ల ఏ థిన్నరూ కరగదియ్యది. నీళ్లు తొందరగ దాట లేవు. రేకును గట్టిగ పట్టుకుంటది.

మేస్త్రి: పుట్టీ ఎక్కడ పెడతవ్?

యువకుడు: ఎపాక్సీ మీద.

మేస్త్రి: ఇగ ఇక్కడ నేనొప్ప. పుట్టీ డబ్బ మీద ఏం రాసి ఉంటది? గీకిన రేకు మీద పెట్టుమనే రాసి ఉంటది. 80 నంబరు గాట్ల దిగబడి పట్టుకునుడే దాని బలం. నున్నటి ప్రైమర్ మీద పెడితె జారుతది, గట్టిగ తగిలితె పెచ్చులు లేస్తది. నేను చేతులతోని లేపి చూసిన.

యువకుడు: డబ్బ మీద రాసింది అబద్ధం కాదు. ఎండకాలంల గీకి, ఎండకాలంల పుట్టీ పెట్టి, పొడి పేపరు కొట్టి, ఆ పొద్దే ప్రైమర్ వేస్తె రేకు మీద పుట్టీ ఏండ్లకేండ్లు నిలుస్తది. కని మన షెడ్ల పుట్టీని ఎట్ల రుద్దుతరు? బకీటుల నీళ్లు పెట్టుకొని వాటర్ పేపరుతోని. పుట్టీల సగం సుద్దపొడి లాంటిదే ఉంటది, టాల్క్. అది నీళ్లు పీలుస్తది. పీలిచిన నీళ్లు ఎక్కడికి పోతయ్? కిందికి, బోడి రేకు దాకా. మీద ప్రైమర్ కొట్టి మూత పెడతవ్. ఇగ ఆ తేమ లోపటనే ఉండి పని చేస్తది. ఆరు నెలలకు రంగు మీద సన్న సన్న బుగ్గలు. గిరాకి వచ్చి రంగు మంచిది కాదంటడు. రంగు ఏం పాపం చేసింది?

మేస్త్రి: నీళ్లు లేకుంట రుద్దితె దుమ్ము ఎవడు మింగుతడు?

యువకుడు: మాస్కు పెట్టుకోవాలె. ఆ ముచ్చట మల్ల మాట్లాడుదాం, అది పెద్దది. ముందు నువ్వన్న జారుడు సంగతి చెప్తా. ఎపాక్సీ పచ్చిగ ఉన్నప్పుడు పుట్టీ పెడితె నువ్వన్నట్టె పెచ్చులు లేస్తది. కొట్టినంక రాత్రంత వదలాలె. పొద్దుగాల 120 గాని 180 గాని పేపరుతోని మెరుపు చచ్చిపోయేదాక రుద్దాలె. అప్పుడు పుట్టీకి పట్టు దొరుకుతది. కలిపే పాళ్లు, ఎంత సేపు ఆగాలె, ఎన్ని గంటల్లోపల మీద పూత వెయ్యాలె, అన్నీ ఆ డబ్బతోని వచ్చే కాగితంల ఉంటయ్. కంపెనీ కంపెనీకి తేడా ఉంటది. మన పిల్లలు ఆ కాగితాన్ని గన్ను తుడుసుటానికి వాడుతరు.

మేస్త్రి: అవ్, అది నిజం. మా పోరగాండ్లు అంతే. సరే, మరి యాసిడ్ ప్రైమర్ సంగతేంది? కంపెనీ షోరూంల ముందుగాల గదే కొడుతరని విన్న.

యువకుడు: అల్యూమినియం మీద, జింకు పూసిన రేకు మీద అది మంచిదే. సన్నటి పొర, అందుల ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటది, లోహాన్ని జెర కొరికి పట్టుకుంటది. రెండో ప్రపంచ యుద్ధం కాలంల అమెరికా యుద్ధ ఓడలకు పుట్టిన మందు అది. కని దాని మీద నేరుగ పుట్టీ పెట్టొద్దు. ఆ యాసిడ్ పుట్టీ హార్డ్‌నర్‌ను గడబిడ చేస్తది. దాని మీద ఎపాక్సీ కూడ అన్ని కంపెనీలు ఒప్పుకోవు, ఎపాక్సీల అమీన్ ఉంటది, యాసిడ్‌తోని పడది. సిలుం పోవాలని పూసే యాసిడ్ మందులు గూడ గంతే. పూసి ఊకుంటె సరిపోదు. మంచిగ కడిగి, వెంటనే ఆరబెట్టి, మల్ల పేపరు కొట్టాలె. గాట్లల మిగిలిన యాసిడ్ లోపట్నుంచి తింటది.

మేస్త్రి: నల్లగ చేసే మందొకటి వస్తున్నది. పూస్తె సిలుం నల్లబడి గట్టిపడుతది.

యువకుడు: దాంట్ల టానిక్ యాసిడ్ ఉంటది. కరక్కాయల, తంగేడు చెక్కల ఉండే వగరు జాతిదే. మునుపు కరక్కాయ, అన్నభేది కలిపి నల్ల సిరా చేస్తుండిరి గదా, గదే పని సిలుం మీద జరుగుతది. గీకలేని మూలలకు, వెల్డింగ్ అతుకులకు సరే. తలుపంత పూసి, గీకే పని తప్పించుకుందామంటె మాత్రం నడువది. పొరలు పొరలుగ లేచిన సిలుం మీద ఏ మందు పూసినా ఆ పొర ఊడి పడంగనే మందు గూడ దాంతోనే పోతది.

ఇక్కడ కాసేపు వాదం ఆగింది. మేస్త్రి ఒక పాత గుడ్డకు పెట్రోలు తడిపి తలుపు తుడవబోయాడు. ఈ ప్రాంతంలో ఇది ఎంత మామూలు అలవాటంటే, తప్పని ఎవరికీ తోచదు.

యువకుడు: పెట్రోలు వద్దు కాకా. ఒకటి, బీడి ముట్టించెటోడు ఎప్పుడూ పక్కపొంటే ఉంటడు. రెండు, పెట్రోలు ఆరినంక సన్నటి జిడ్డు మిగులుతది. ఆ గుడ్డ గూడ ఇంజనాయిల్ తుడిసిందే.

మేస్త్రి: మరి దేంతోని?

యువకుడు: జిడ్డు తీసే సాల్వెంట్ దొరుకుతది, లేకుంటె మంచి రకం థిన్నర్. రెండు తెల్లటి గుడ్డలు. ఒకదాంతోని తడిపి తుడువు, అది ఆరకముందే రెండోదాంతోని ఎత్తెయ్యి. ఆరినంక తుడిస్తె జిడ్డు ఒక దగ్గరికెళ్లి ఇంకో దగ్గరికి పోతది, గంతే. గీకకముందు ఒకపాలి తుడువాలె, గీకినంక మల్లొకపాలి. ముందుగాల తుడువకుంట గీకితె పేపరు ఆ జిడ్డును గాట్లల్లకు కుక్కుతది. మొన్న ఒక కారు బానెట్ మీద ప్రైమర్ చేపకండ్ల లెక్క విడిపోయింది. ఎందుకో తెలుసా? పక్క బండికి టైరు పాలిష్ కొట్టిండ్రు. అండ్ల సిలికాన్ ఉంటది, గాలిల ఎగిరి వచ్చి రేకు మీద పడింది.

మేస్త్రి: మా కాడ సిలికాన్ కంటె గ్రానైట్ దుమ్ము పరేషాన్. కోతమిల్లుల దిక్కునుంచి గాలి వీస్తె గన్ను పక్కకు పెట్టాల్సిందే.

యువకుడు: మా ఆదిలాబాద్ దిక్కు పత్తి. దీపావళి సంది మార్కెట్‌కు పత్తి బండ్లు వస్తనే ఉంటయ్. గాలిల దూది పోగులు. పచ్చి ప్రైమర్ మీద ఒక్క పోగు పడ్డా, దాన్ని తీసిన జాగల రేకు దాకా సన్న దారి పడుతది. తేమ ఆ దారినే పోతది. నేలకు నీళ్లు చల్లి, మూడు దిక్కుల పరదాలు కట్టి కొడుత. బూత్ కొనే స్తోమత లేనోనికి అదే బూత్.

మేస్త్రి: ఆదిలాబాద్ పేరు ఎత్తినవ్ గనుక అడుగుత. మీ కాడ పుష్యంల చలికి నీ ఎపాక్సీ ఎట్ల గట్టిపడుతది? నేను ఉట్నూర్ల ఒక జీపుకు కొట్టిన. మూడో నాటికి గూడ చెయ్యి పెడితె అంటుకున్నది. మీద జిగట. ఇగ నీ మందు గొప్పేంది? రెడ్ ఆక్సైడ్ అయితె ఎప్పటికన్నా ఆరుతది.

యువకుడు: నువ్వు పట్టుకున్న పాయింటు సరైనది. పది డిగ్రీల కిందికి పోతె ఎపాక్సీ ఇంచుమించు నిద్ర పోయినట్టె. చలి, తేమ కలిస్తె అమీన్ మీదికి తేలి ఆ జిగట పొర కడుతది. దాని మీద ఏం కొట్టినా పట్టది, సబ్బు నీళ్లతోని కడిగి మల్ల రుద్దాలె. అందుకే చలికాలంల నేను పొద్దెక్కినంకనే గన్ను పడత. రేకు మీద మంచు ఆరిందా లేదా చెయ్యి పెట్టి చూడ, కొలుస్త. మంచు పడే వేడికంటె రేకు కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలె. పగలు రెండు దాటకముందే ఆఖరు కోటు ముగించి, రాత్రంత హాలోజన్ లైట్లు పెడత. కరెంటు పోతె ఆ పని చెడిపోయినట్టే, ఒప్పుకుంట.

మేస్త్రి: రామగుండం ఎండల?

యువకుడు: అక్కడ తిరకాసు ఇంకో దిక్కు. మే నెల పగటీలి గన్నుల నుంచి ఎల్లిన ప్రైమర్ రేకు మీద పడకముందే సగం ఆరుతది. గరుకు గరుకుగ ఇసుక లెక్క కూసుంటది. అది పూత కాదు, జల్లెడ. నిదానంగ ఆరే థిన్నర్ వాడాలె, పొద్దు పొడవకముందు కొట్టాలె, ఎండల నిలవెట్టిన రేకు మీద కొట్టనే కొట్టొద్దు. ఇగ కంప్రెషర్ ట్యాంకు అడుగున నీళ్లు రోజు వదలాలె. గాలి పైపుల నుంచి వచ్చే నీటి సుక్క బయటి వానకంటె పాడు, ఎందుకంటె అది ప్రైమర్‌తోని కలిసి రేకుకు అంటుకుంటది.

మేస్త్రి: నీకు మతికి ఎక్కువున్నది బిడ్డా. ఇన్ని ఎక్కడ నేర్సినవ్?

యువకుడు: కొన్ని ఐటీఐల, కొన్ని వర్క్‌షాపుల. కని మొదటి పూత అంటె ఏందో మా నిర్మల్ల బొమ్మలు చేసే నకాషీల ఇండ్లల్ల చూసిన. పొనికి కర్ర తేలికది, గుల్లది. దాంతోని బొమ్మ చెక్కి, చింతగింజలు నానవెట్టి రుబ్బిన ముద్దల రంపపు పొట్టు కలిపి అతుకులు పూడుస్తరు. ఆరినంక రుద్దుతరు, తెల్లటి పూత వేస్తరు, మల్ల రుద్దుతరు. అప్పుడు గని రంగు. ఆ రంగు ఏందనుకున్నవ్? డ్యూకో. కార్లకు కొట్టేటిదే.

మేస్త్రి: డ్యూకో మా ఉస్తాద్ గూడ కొట్టిండు. మోటర్ల రంగు బొమ్మల మీదికి ఎట్ల పోయింది?

యువకుడు: తొందరగ ఆరుతది, మెరుస్తది, అందుకే. 1920లల్ల అమెరికాల డ్యూపాంట్ కంపెనీ చేసింది. అంతకుముందు కారుకు రంగు వేసుడంటె వారాల పని. 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు జనరల్ మోటర్స్ ముందుగాల దాన్ని కొట్టింది. పని వారాలకెళ్లి దినాల్లకు వచ్చింది. తొందర మనకు అప్పటి సంది అలవాటైంది. కని నకాషీలు ఏం చేసిండ్రో చూడు. తొందరగ ఆరే రంగును తీసుకున్నరు, అడుగు పూతల తొందర మాత్రం తీసుకోలె. చింతగింజ ముద్ద ఎండేదాక ఆగుడు ఆగుడే.

మేస్త్రి: బొమ్మ అల్మారల కూసుంటది. నా గిరాకి బొలెరో రేపు మాపటికి జన్నారం అడవి తొవ్వల ఉండాలె. దినాం కిరాయికి తిరిగే బండి అది. నువ్వు ఎపాక్సీకి ఒక రాత్రి, పుట్టీకి ఒక పూట, దాని మీద కొట్టే సర్ఫేసర్‌కు ఒక దినం అంటవ్. ఆ మూడు దినాల కిరాయి ఎవలిస్తరు? ఎపాక్సీ డబ్బకు, హార్డ్‌నర్‌కు పైసలు ఎవలిస్తరు? నేను మంచి పని చేస్తనంటె వాడు పక్క షెడ్డుకు పోతడు. నా షెడ్డుల నలుగురు పోరగాండ్లు ఉన్నరు.

ఈ మాటకు యువకుడు వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పగలిగే జవాబు సులువుగా లేదు కూడా. మేస్త్రి బద్ధకంతో రెడ్ ఆక్సైడ్ దగ్గర ఆగిపోయినవాడు కాదు. గిరాకీ ఇచ్చే డబ్బు దగ్గర, ఇచ్చే గడువు దగ్గర ఆగిపోయినవాడు. పని చెడిపోయినప్పుడు నింద మాత్రం అతని చేతికే అంటుతుంది.

యువకుడు: అందరికీ మూడు దినాల పని చెయ్యమంట లేను కాకా. అసలు నువ్వు తలుపంత ఎందుకు గీకినవ్? పాడైంది కింద జానెడు.

మేస్త్రి: పని పూర్తిగ చెయ్యాలని. సగం గీకితె దొంగపని.

యువకుడు: ఇక్కడ నీ నిజాయితీనే నష్టం చేసింది. మీద ఉన్న జాగల కంపెనీ పూత మంచిగుండె. ఫ్యాక్టరీల బాడీ మొత్తాన్ని తొట్టిల ముంచి, కరెంటు పెట్టి ఆ ప్రైమర్ పట్టిస్తరు. 1960లల్ల ఫోర్డ్ కంపెనీ మొదలువెట్టిన పద్ధతి. ఇరవై మైక్రాన్ల లెక్క ఉంటది గని అతుకులల్ల, మూలలల్ల గూడ పోయి పట్టుకుంటది. మల్ల భట్టీల కాలుస్తరు. మనం ఏ గన్నుతోని కొట్టినా ఆ పట్టు రాదు. గట్టిగ ఉన్న పూతను ఎందుకు తీసెయ్యాలె? అంచులు ఏటవాలుగ రుద్ది, పాడైన జానెడు జాగనే రేకు దాకా పోయి, అక్కడ ఎపాక్సీ కొడితె డబ్బల సగం మిగులుతది, దినం మిగులుతది. కొత్త తలుపు తెచ్చినా అంతే. దాని మీద నల్లగ ఉండేది రవాణా రంగు అనుకొని గీకేస్తరు. అదే అసలు ప్రైమర్. జెర గరుకు చేసి మీద కొట్టుకోవాలె.

మేస్త్రి: ఇది నాకు తెల్వదు. నల్లది గీకుడే మర్యాద అనుకున్న. సరే, ఇగ నేనొకటి చూపిస్త. తలుపు బోర్లెయ్యి.

ఇద్దరూ కలిసి తలుపును తిప్పారు. కింది అంచున బయటి రేకును లోపలి రేకు మీదికి మడిచి నొక్కిన చోట నల్లటి మట్టి గడ్డకట్టి ఉంది. మేస్త్రి ఇనుప తీగ తీసుకుని ఒక రంధ్రంలో గుచ్చాడు. తడి బురద జారి పడింది. రెండో రంధ్రం ఇంకా గట్టిగా పూడిపోయి ఉంది.

మేస్త్రి: తలుపు అద్దం సందుల నుంచి వాన నీళ్లు లోపటికి పోవుడు ఎవలూ ఆపలేరు. అవి కిందికెళ్లి ఎల్లిపోవాలని కంపెనోడు ఈ బొక్కలు పెట్టిండు. మట్టితోని పూడినయ్. నీళ్లు లోపట నిలవడ్డయ్. ఇగ సిలుం ఎక్కడికెళ్లి వచ్చింది? లోపట్నుంచి. నువ్వు బయట నీ ఎపాక్సీ ఎన్ని కోట్లు కొట్టినా, ఈ మడత లోపటికి పోతదా?

యువకుడు: పోదు.

మేస్త్రి: 2022 జూలైల కడెం ఉప్పొంగింది, గోదారి ఎనక్కి తన్నింది, మంచిర్యాల కాలనీలల్లకు నీళ్లు వచ్చినయ్. మునిగిన బండ్లు మా కాడికి గూడ వచ్చినయ్. రంగు మీద గీత లేదు. ఆర్నెల్లకు తలుపుల కింద, ఫుట్‌బోర్డుల కింద రేకు జల్లెడైంది. ఒండ్రు లోపట కూసున్నది. నేను ఏం చేసిన్నో చెప్తా. లోపటి అట్ట తీసి, నీళ్ల పైపు పెట్టి కడిగిన, బొక్కలు సాఫ్ చేసిన, రెండు దినాలు ఎండవెట్టి లోపట మైనం మందు కొట్టిన. గా బండ్లు ఇంకా నడుస్తున్నయ్. మీ కొత్త పోరగాండ్లు బయట రేకును అద్దం చేస్తరు. బోర్లేసి చూసెటోడు నాకు కనబడలె.

యువకుడు: నేను గూడ అన్ని బండ్లకు చూడ. ఇగ చూస్త.

ఈ చోట మేస్త్రి గెలిచాడు. ప్రైమర్ గురించి ఎన్ని గంటలు మాట్లాడుకున్నా, రేకుకు రెండు ముఖాలుంటాయన్న సంగతి అతను చెప్పేదాకా మాటల్లోకి రాలేదు.

మేస్త్రి: నువ్వు మాస్కు ముచ్చట మల్ల అన్నవ్.

యువకుడు: అవ్. నువ్వు దస్తీ కట్టుకుంటవ్. దస్తీ దుమ్మును గూడ సరిగ ఆపది, ఆవిరిని అసలు ఆపది. పీయూ హార్డ్‌నర్ల ఐసోసయనేట్ ఉంటది. ఒకపాలి ఊపిరితిత్తులకు అది పడకుంట అయిందంటె, మల్ల ఏ కొంచెం వాసన తగిలినా దమ్ము పడుతది. బతుకంత ఉండే దమ్ము. పాత లారీ రంగు పొడిగ గీకితె అండ్ల సీసం, క్రోమేట్ ఎగురుతది. నీ షెడ్డుల ఆ చిన్న పిలగాడు ఉత్త ముక్కుతోని గీకుతున్నడు. బొగ్గుపొడి ఫిల్టరున్న మాస్కు రెండు పుట్టీ డబ్బల ధర గూడ ఉండది.

మేస్త్రి: నాకు పొద్దుగాల దగ్గు వస్తది. బీడీలు అనుకున్న.

యువకుడు: బీడీలు గూడ అయి ఉండొచ్చు. డాక్టరు కాడికి పోయి, ఏం పని చేస్తవో చెప్పు. పనేందో చెప్పకుంటె ఆయనకు గూడ తెల్వది.

మేస్త్రి: పోత. ఇగ ఈ తలుపు సంగతి తెంచు. గిరాకి రేపు మాపటికే కావాలంటడు.

యువకుడు: ఇప్పుడే ఫోను చెయ్యి. తలుపు బోర్లేసి ఫొటో తీసి పంపు. లోపట ఇట్లున్నది, ఇయ్యాల ఎపాక్సీ కొడితె ఎల్లుండి ఇస్త, లేకుంటె రేపే ఇస్త గని వచ్చే వానకాలం దాక పూచీ లేదు అని చెప్పు. ఏది కావాల్నో వాణ్ని చెప్పనియ్యి. బిల్లు మీద అడుగున ఏం కొట్టినవో రాయి.

మేస్త్రి: బిల్లు మీద ప్రైమర్ పేరు రాసుడు నేనెన్నడూ చూడలె. రాస్త. ఎపాక్సీ నువ్వే కలుపు, పాళ్లు నేను చూస్త.

తీర్పు నా వంతు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పీయూ రంగు పడబోయే కారు రేకు మీద మొదటి పూత ఎపాక్సీయే కావాలి. గీకిన రోజే పడాలి. వానాకాలంలో దీనికి మినహాయింపు లేదు. రెడ్ ఆక్సైడ్‌కు ట్రాలీలు, గేట్లు ఉన్నాయి, అది అక్కడే ఉండనివ్వండి. గట్టిగా ఉన్న కంపెనీ పూతను గీకవద్దు. తలుపు బోర్లేసి నీటి రంధ్రాలు శుభ్రం చేయని పని, పైన ఎంత మెరిసినా, సగం పనే. ఈ చివరి మాట మేస్త్రిది, నేను అరువు తెచ్చుకున్నాను.

బండి యజమానులకు ఒక విన్నపం. రంగు పడకముందు ఒకసారి షెడ్డుకు వెళ్లండి. గీకిన రేకును, దాని మీద ప్రైమర్‌ను మీ కళ్లతో చూసి ఫొటో తీసుకోండి. అడుగున ఏం వేశారో బిల్లు మీద రాయించుకోండి. ఆ పూతకు, ఆ అదనపు రోజుకు మేస్త్రి అడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి. షెడ్డులో గీకుతున్న కుర్రాడి ముఖానికి మాస్కు లేకపోతే ఆ మాట కూడా అడగండి.